ముట్టకండి, నానొస్తాను

కన్నారావు గ్యాస్ పొయ్యిల మేస్త్రి. రంగూనులో, తామ్వే పేటలో ఎవరింట్లో పొయ్యి మొండికేసినా, గీజరు వెలగనన్నా "కో కన్నా ఎక్కడ?" అంటూ అతనికే కబురు. కో అంటే బర్మా భాషలో అన్న. చేతిలో పనితనం ఉంది, కాదనడానికి లేదు. దాంతోపాటు ఒక పాడు అలవాటూ ఉంది. ఎవరింట్లో ఏది బిగించినా దాన్ని ఎలా ఆపాలో ఆ ఇంటివాళ్ళకి చచ్చినా చెప్పడు. "ముట్టకండి, నానొస్తాను" అంటాడు. అదేదో ప్రాణాంతకమైన విద్య అన్నట్టు మొహం పెడతాడు. వాళ్ళకే తెలిసిపోతే ఇంక తనని పిలిచేదెవరు, అదీ లోపలి సంగతి. రంగూను రేవులో బస్తాలు మోసిన తాతకీ, అదే రేవులో నడుం విరగ్గొట్టుకున్న తండ్రికీ దక్కని మర్యాద ఈ ఒక్క మాట వల్ల తనకి దక్కిందని అతని నమ్మకం. నమ్మకానికేం, ఎవరికి తోచింది వాళ్ళు నమ్ముతారు.

దేముడమ్మ ఇల్లు అతని ఇంటికి రెండు వీధుల అవతల, నాలుగో అంతస్తులో. డెబ్బై రెండేళ్ళ మనిషి. కన్నారావు తల్లీ ఆవిడా ఒక వీధిలో పెరిగారు, అంచేత "పిన్నీ" అంటాడు. కూతురూ అల్లుడూ పోయాక మనవరాలు రాధాకుమారిని ఆవిడే పెంచింది. ఆ పిల్ల ఇప్పుడు పెద్దాసుపత్రిలో నర్సు. ముసలావిడ మోకాళ్ళకి రోజూ వేడినీళ్ళు పడాలి. కరెంటు గీజరు పెట్టుకుందామంటే ఆ ఊళ్ళో కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోతూ ఉంటుంది. అందుకని మూతబడ్డ ఒక హోటలు వాళ్ళు అమ్మేసిన పాత గ్యాస్ గీజరు తెచ్చి కన్నారావే స్నానాలగదిలో బిగించాడు. దాని పొట్టలో గోరంత నీలిమంట ఒకటి పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. పైలట్ అంటారు దాన్ని. కుళాయి తిప్పగానే పెద్దమంట దాన్నుంచే అంటుకుంటుంది.

ఆ పైలట్ పక్కనే చిన్న రాగిపుల్ల ఉంటుంది. మంట ఆరిపోయి పుల్ల చల్లబడిందంటే, లోపల ఒక మూత పడి గ్యాస్ దానంతటదే ఆగిపోతుంది. కిందటేడు కరోనా పుణ్యమా అని సరిహద్దులన్నీ మూసేసినప్పుడు ఆ పుల్ల కాస్తా పాడైంది. కొత్తది బ్యాంకాక్ నుంచి రావాలి. వచ్చే దారి లేదు. "నాకు చేతకాదు" అనడం కన్నారావు ఒంట్లో లేదు కదా! మూత పడకుండా అడ్డంగా ఒక స్క్రూ బిగించేశాడు. పైలట్ నిలవడం లేదని దాని రంధ్రాన్ని సూదితో కాస్త వెడల్పు కూడా చేశాడు. మంట దర్జాగా వెలిగింది. ఇక అది ఆరితే గ్యాస్ ఆగదు, గదిలోకి వస్తూనే ఉంటుంది. ఈ ముక్క దేముడమ్మకి చెప్పాడా? చెప్పలేదు. "ఈ మంట ఆరకుండా సూసుకో పిన్నీ. ఏటైనా అయితే ముట్టకు, నానొస్తాను" అన్నాడు.

ఆరకూడని మంట అంటే ఆవిడకి తెలిసింది ఒక్కటే, దేవుడి దగ్గర పెట్టే అఖండదీపం. గీజరుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. రోజూ పొద్దున్నే, అగ్గిపుల్ల దూర్చే కంతలోంచి తొంగిచూసి దండం పెట్టుకునేది. కన్నారావు అది చూసి నవ్వుకున్నాడు. ఇంటికెళ్ళి భార్య చిలకమ్మకి చెప్పి మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు తర్వాత తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా తన చెంప తనే వాయించుకోవాలనిపించేది.

ఇది జరిగిన ఆర్నెల్లకి, ఫిబ్రవరిలో, సైన్యం గద్దెనెక్కింది. ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. డాక్టర్లూ నర్సులూ సర్కారు కొలువులు మానేసి బయటికి నడిచారు, వాళ్ళలో రాధాకుమారి కూడా ఉంది. మార్చి వచ్చేసరికి తుపాకులు పేలడం మొదలైంది. ఫోన్లలో ఇంటర్నెట్టు పీకేశారు, మాట్లాడుకోవడం ఒక్కటే మిగిలింది. వీధి చివర ఇసకబస్తాలు, పైన ఆ కొసనుంచి ఈ కొసకి తాళ్ళు కట్టి ఆడవాళ్ళ లుంగీలు ఆరేశారు. ఆడవాళ్ళ లుంగీల కింద నుంచి నడిస్తే మగాడి బలం పోతుందని అక్కడి నమ్మకం. సైనికులు జంకి ఆగుతారని అలా కట్టారు.

ఒక పొద్దున్న ఎనిమిదింటికి రాధాకుమారి ఫోను చేసింది.

"మామా, వార్డు ఆఫీసుకాడ పట్టుకెళ్ళాల్సినోళ్ళ జాబితా ఒకటి తయారైనాదట. అందులో నా పేరుందట. అమ్మమ్మని తీసుకుని ఏటవతల ట్వంటే ఊరు ఎల్లిపోతన్నాను. పన్నెండింటి బోటెక్కి దలా జెట్టీలో దిగిపోవాల. మద్దేనం నుంచి ఆ జెట్టీకాడ తనిఖీ పెడతారంటన్నారు. ఇల్లు మూసీసి ఎల్తన్నాం కదా, ఆ గీజరు ఆపాల."

"అలగే."

"నువ్వు రాడం కష్టమైతే ఎలగ ఆపాలో సెప్పీ మామా. నానే ఆపీస్తాను."

చెప్పడానికి ఎంత సేపు? మూడు మాటలు. తెలిసినవాడికి అర నిమిషం. కానీ ముప్పయ్యేళ్ళ అలవాటు నాలిక మీద కూర్చుని ఉంది. పైగా, ఈ పిల్ల చదువుకున్నది, గీజరు మూత విప్పి ఆ స్క్రూ చూసిందా, తన పరువేం కాను?

"ముట్టకండి, నానొస్తాను. తొమ్మిదింటికల్లా అక్కడుంటాను" అన్నాడు.

పనిముట్ల సంచీ తగిలించుకున్నాడు. చిలకమ్మ వెళ్ళొద్దనలేదు. "గోడ వారమ్మట ఎల్లు. బేగొచ్చీ" అంది, అంతే. వీధి మలుపు దాకా వెళ్ళాడు. అక్కడ నిలబడ్డాడు. ఎక్కడో పెద్దరోడ్డు వైపు రెండు చప్పుళ్ళు వినిపించాయి. టైరు పేలిందో, తుపాకీయో, ఎవడికి తెలుసు? ముందురోజే పాల ప్యాకెట్టుకని వెళ్ళిన ఒకాయన ఇంటికి రాలేదని పేటంతా చెప్పుకున్నారు. కన్నారావుకి ఇంకో అడుగు పడలేదు. పది నిమిషాలు గోడకి ఆనుకుని నిలబడి, వెనక్కి తిరిగి ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. భయపడడం తప్పు కాదండీ. ఆ రోజుల్లో భయపడనివాడెవడు? "భయమేసింది, రాలేను, ఇలా ఆపుకోండి" అని ఉంటే ఈ కథే లేదు.

తొమ్మిదిన్నరకి ఫోను మోగింది.

"ఎక్కడున్నావు మామా?"

"దార్లోనే ఉన్నానమ్మా. మిలటరీ ఓళ్ళు ఆపీసినారు. సంచీ సోదా సేస్తన్నారు. ఒదలగానే వొచ్చీస్తాను."

మంచం మీద కూర్చుని, చేతిలో టీ గ్లాసు పట్టుకుని అన్నాడీ మాట. బియ్యం కడుగుతున్న చిలకమ్మ తలెత్తి చూసి మళ్ళీ బియ్యం కడగడంలో పడింది. ఆవిడ రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

పదిన్నరకి మళ్ళీ చేస్తే "ఇంకా ఒదల్లేదు" అన్నాడు. పదకొండింటికి దేముడమ్మే మాట్లాడింది. "నాయనా, ఆళ్ళతో తగువు పెట్టుకోకు. సేతులు కట్టుకుని నిలబడు. నీకోసం సూస్తాంలే. నువ్వొస్తానన్నావంటే వొస్తావు, రాధకదే సెప్తన్నాను." ఆ వెనక రాధ గొంతు వినిపించింది. "అమ్మమ్మా, టైమైపోతంది, ఎల్లిపోదాం!" అంటోంది. "ఆ మంటనలగ ఒదిలీసి ఎల్లకూడదే గుంటా, ఉండు" అంటోంది ముసలావిడ. ఇప్పుడైనా చెప్పొచ్చు. చెబితే, ఇందాకా చెప్పినవన్నీ అబద్ధాలని తేలిపోతుంది. "వొస్తన్నాను పిన్నీ" అని పెట్టేశాడు. ఆ తర్వాత మోగిన రెండు ఫోన్లూ ఎత్తలేదు. అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు.

రెండు గంటలకి దేముడమ్మ మళ్ళీ చేసింది. ఈసారి ఎత్తాడు. వెనక నీళ్ళ చప్పుడు, మనుషుల కేకలు.

"బోటెక్కుతన్నాం నాయనా. నిన్నింకా ఒదల్లేదేటి? పోన్లే, నువ్వు కంగారు పడకు. నానే ఆ మంటని సాగనంపీసినాను. నోటితో ఊదకూడదు కదా, మా అత్త నేర్పినట్టు బంతిపువ్వు పాలల్లో ముంచి ఆ కంతలోంచి తాకించినాను. ఓలమ్మ, ఇట్టే కొండెక్కీసినాది! తూటాలొస్తాయని కిటికీలన్నీ బిగించీసినాను. తాళం కిందింటి బర్మావిడ డా ఖిన్‌కిచ్చినాను. దేవుడికాడ రోజూ దీపం పెడతానన్నాది, మంచి మనిషి."

కన్నారావు "పిన్నీ, సిలిండరు..." అనేలోపు ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

మంట ఆరింది, స్క్రూ ఉంది. కిటికీలు బిగించిన ఇంట్లో, తను సూదితో వెడల్పు చేసిన రంధ్రంలోంచి గ్యాస్ వస్తోంది. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, నేలంతా పరుచుకుంటుంది. ఇంకాసేపట్లో ఆ ఇంట్లోకి ఒక మనిషి అగ్గిపెట్టె పట్టుకుని వెళుతుంది. ఇదంతా కన్నారావుకి ఒక్కసారే తెలిసింది. డా ఖిన్ ఫోను నంబరు తన దగ్గర లేదు. సంచీ కూడా మరిచిపోయి చెప్పుల్లేకుండా పరిగెత్తాడు.

వీధి మలుపు దాటాడు. ఇసకబస్తాలు ఎక్కి దిగాడు. లుంగీల తాళ్ళ కింద నుంచి, బలం పోతే పోనీ అని, తల వంచుకుని పరిగెత్తాడు. ఒక వీధి అయింది, రెండోది అయింది. దారి పొడుగునా ఒక్క సైనికుడు లేడు. మూసిన తలుపుల ముందు ఒక కుక్క పడుకుని ఉంది, అంతే. ఏడు నిమిషాలు పట్టింది. తొమ్మిదింటికీ ఇంతే పట్టేది కాబోలు.

మొదటి అంతస్తులో డా ఖిన్ తలుపు తీసే ఉంది, మనిషి లేదు. "పైకెళ్ళింది. చీకటి పడితే మెట్లెక్కడానికి భయమని ఇప్పుడే దీపం పెట్టొస్తానంది" అని ఆవిడ భర్త బర్మా భాషలో చెప్పాడు. కన్నారావు జేబులోంచి ఫోను తీసి ఆయన చేతిలో పెట్టేశాడు. గ్యాస్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ చాలు. "ఎవర్నీ పొయ్యి వెలిగించొద్దనండి, స్విచ్చులు ముట్టొద్దనండి" అని అరుస్తూ మెట్లెక్కాడు. మూడో అంతస్తు దగ్గరే వాసన తగిలింది, కుళ్ళిన ఉల్లిపాయల వాసన.

నాలుగో అంతస్తులో తలుపు బార్లా తీసి ఉంది. డా ఖిన్ గోడకున్న దేవుడి అల్మరా ముందు నిలబడి ఉంది. కుందిలో నూనె పోసింది, వత్తి సర్దింది. ఎడంచేతిలో అగ్గిపెట్టె, కుడిచేతిలో పుల్ల. కిందటేడు కరోనా వచ్చి తగ్గిన దగ్గర్నుంచి ఆవిడకి వాసనలు తెలియవు.

"గీయొద్దు!" అని కన్నారావు పెట్టిన కేకకి ఆవిడ చేతిలోంచి అగ్గిపెట్టె జారి కిందపడింది. ఆవిడని రెండు చేతులా పట్టుకుని మెట్ల మీదికి నెట్టాడు. ఊపిరి బిగబట్టి వెనక వరండాలో ఉన్న సిలిండరు దగ్గరికి పరిగెత్తి, మీది నాబ్ కుడివైపు బిగదిప్పాడు. కిటికీలన్నీ తోసి తెరిచాడు. స్నానాలగది తలుపు తీశాడు. ముక్కులు మండిపోయాయి. గీజరు నాబ్ ఆఫ్‌లో పెట్టి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

గంట తర్వాత గాలంతా మారాక మళ్ళీ లోపలికెళ్ళాడు. గీజరు బొట్టు కింద, కంత దగ్గర, పాలు ఎండి తెల్లగా చారిక కట్టింది. నేల మీద బంతిపువ్వు ఉంది, రెక్కల కొసలు నల్లగా కాలాయి. వంటింట్లో గట్టు మీద ఒక పళ్ళెం, దాని మీద మూత. తీసి చూస్తే పులిహోర. తనకోసమే. రాధ చేతిరాత కాబోలు, చిన్న చీటీ మీద "మామకి" అని వంకరటింకర తెలుగులో ఉంది. ఆ పిల్లకి తెలుగు రాయడం అంతంతమాత్రం, అయినా తెలుగులోనే రాసింది. కన్నారావు పళ్ళెం మీద మూత పెట్టేసి, ఇంట్లో దొరికిన కత్తిపీట మొనతోనే గీజరు విప్పి ఆ స్క్రూ పీకి జేబులో వేసుకున్నాడు.

కిందికి దిగేసరికి ఆ వాటాల వాళ్ళంతా పోగయ్యారు. మూడో అంతస్తాయన అతని చెయ్యి పట్టుకుని వదలడు. "కో కన్నా లేకపోతే ఇవాళ మేమంతా బూడిదే" అన్నాడు. ఇంకొకావిడ "ఆ ముసలమ్మకి మతిపోయింది, గ్యాస్ వదిలేసి వెళ్ళింది. మళ్ళీ ఈ మెట్లెక్కనివ్వకూడదు" అంది. కన్నారావు నోరు విప్పబోయాడు. ఎవరో చేతిలో టీ పెట్టారు. తాగాడు. సిగ్గుతో చచ్చిపోతున్నా ఆ పొగడ్త ఒంటికి హాయిగానే తగిలింది, మనిషి బుద్ధి ఎంత పాడుదో చూడండి.

అప్పుడు డా ఖిన్ భర్త ఫోను తెచ్చిచ్చాడు. "ఇందాకట్నుంచి మోగుతూనే ఉంది. ఆరుసార్లు." చూస్తే దేముడమ్మ నంబరు. అతను చూస్తుండగానే ఏడోసారి మోగింది.

"పిన్నీ!"

"నాయనా... రాధని పట్టుకుపోనారు."

కన్నారావు గోడ పట్టుకున్నాడు.

"దలాలో దిగగానే... పేర్లు సదువుతన్నారు. నా సెయ్యి ఇదిలించీసి, నువ్వెవులో నాకు తెల్దన్నట్టు ముందుకెల్లిపోనాది. నన్ను ఒగ్గీసినారు. ముసలిదాన్ని కదా." ఆవిడ వెనక బోటు కూత వినిపించింది. "పన్నెండింటి బోటుకి తనిఖీ నేదట నాయనా. ఆ బోటులో వొచ్చినోళ్ళందరూ ఎల్లిపోనారట. ఇక్కడ టీకొట్టు ఆయన సెప్తన్నాడు."

కన్నారావు ఖాళీ టీ గ్లాసు మెట్టు మీద పెట్టాడు.

"నిన్ను ఒదిలీసినారేటి? కొట్టినారేటి నాయనా? నీ మాట్టాడ్డం అదోలా ఉంది."

అదీ ఆవిడ అడిగింది. మనవరాలిని పోగొట్టుకుని, పరాయి జెట్టీలో ఒంటరిగా నిలబడి, కన్నారావుని కొట్టారా అని అడిగింది. చుట్టూ నిలబడ్డవాళ్ళు అతని మొహం చూస్తున్నారు. 'అవును పిన్నీ, ఇప్పుడే వదిలారు' అంటే చాలు. ఆవిడ నమ్ముతుంది. జన్మంతా నమ్ముతుంది. గీజరు మాట చెప్పనే అక్కర్లేదు. జేబులో స్క్రూ తొడకి గుచ్చుకుంటోంది.

"పిన్నీ, నన్నెవులూ ఆపలేదు" అన్నాడు. "నాను ఇంట్లోనే ఉన్నాను. వీధి మలుపుకాడికొచ్చి భయమేసి ఎనక్కెల్లిపోనాను. అన్నీ అబద్దాలాడినాను. ఆ మంట ఆరితే గ్యాస్ ఆగాల. ఆగకుండా సేసిందీ నానే."

అవతల ట్వంటే, ట్వంటే అని బస్సువాడి కేక మాత్రం వినిపిస్తోంది. పెట్టేసిందేమో అనుకున్నాడు. తిడుతుందేమో అనుకున్నాడు. తిట్టమని లోపల దండం పెట్టుకున్నాడు.

"రాధ అడిగినాది కదా నిన్ను, ఎలగ ఆపాలో సెప్పమని" అంది చివరికి. ఆ గొంతులో కోపం లేదు, ఏమీ లేదు.

"అడిగినాది పిన్నీ."

"ఇప్పుడు సెప్పు. ఎలగ ఆపాల?"

"పిన్నీ..."

"సెప్పు."

కన్నారావు కళ్ళు తుడుచుకున్నాడు. "సిలిండరు మీది నాబ్ కుడిసేతివైపు బిగదిప్పాల. గొట్టంలో మిగిలింది కాలిపోయి మంట దానంతటదే పోతాది. పోయినాక గీజరు నాబ్ ఆఫ్‌లో పెట్టాల."

"అంతేనా?" అంది దేముడమ్మ.

"అంతే పిన్నీ."